లైటు ఆర్పేశాం

కంచం ముందు కూర్చున్నానో లేదో ట్యూబ్‌లైటు చుట్టూ ఒకటే ఉసుళ్ళు. వాన వెలిసి పావుగంట కూడా కాలేదు. అన్నంలో రెండు, నీళ్ళ గ్లాసులో ఒకటి, గోడ మీద బల్లి అప్పుడే సిద్ధంగా ఉంది.

స్ప్రే కోసం లేచాను. "లైటు ఆర్పెయ్యవే, అవే పోతాయి" అంది అమ్మ వంటింట్లోంచి.

ఆర్పేసి, వరండా బల్బు కూడా ఆర్పి, చీకట్లో కూర్చున్నాం. గ్లాసులో పడినదాన్ని స్పూన్‌తో తీసి గడప మీద పెట్టి, ఫోన్ వెలుగు చేత్తో సగం మూసి చూస్తూ ఉన్నాను. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా ఆ తడి రెక్కలు అక్కడే రాల్చేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇవి చెదపురుగులే, తలుపులు తినేది వీటి జాతే, తెలుసు. కానీ మట్టిలో చీకట్లో పెరిగి, తొలి వానలకి జత వెతుక్కోవడానికి ఒక్కసారి ఎగురుతాయి, నేల మీద వాలాక ఆ రెక్కలు ఇక ఉండవు. ఆ ఒక్క ప్రయాణం మా ట్యూబ్‌లైటు దగ్గర ముగిసిపోతే ఎంత అన్యాయం!

అరగంటకి లైటు వేశాం. అన్నం చల్లారిపోయింది. గడప మీద రెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి, ఊడవబుద్ధి కావడం లేదు.