12 పేర్ల పాటని విడదీసిన నా అనుభవం

కెనడా బ్యాండ్ రష్ 1978లో తెచ్చిన 'హెమిస్ఫియర్స్' ఆల్బమ్‌లో చివరిది 'లా విల్లా స్ట్రాంజియాటో'. తొమ్మిదిన్నర నిమిషాల వాద్య సంగీతం, పాడే గొంతే వినిపించదు. గిటారిస్ట్ అలెక్స్ లైఫ్‌సన్‌కి వచ్చిన పీడకలల నుంచి పుట్టిందట. అట్ట మీదే దాన్ని 12 భాగాలు చేసి పేర్లు పెట్టారు. వాళ్లే విడదీసి ఇచ్చాక ఇక మనం విశ్లేషించేదేముంది అనిపిస్తుంది. తీరా వింటూ కూర్చుంటే ఆ పేర్లు పెద్దగా సాయం చెయ్యవు. 'డాన్‌ఫోర్త్ అండ్ పేప్' అంటే టొరంటోలో రెండు వీధులు కలిసే కూడలి. దాన్ని బట్టి రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ పలుకుని, ఎలా గుర్తుపడతాం?

అందుకే జాబితాని పక్కన పెట్టేశాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిచి, ఏదో మారిందని చెవికి తోచిన చోటల్లా ఒక లేబుల్ పెట్టుకుంటూ పోయాను. ఎందుకు మారిందన్నది తర్వాతి సంగతి. మొదటి మూడు భాగాలూ తేలిగ్గానే తేలాయి. నైలాన్ తీగల గిటార్ ఒక్కటే అర నిమిషం లోపు వాయించి తప్పుకుంటుంది. తర్వాత ఒక్కో వాద్యం వచ్చి చేరుతూ, 2:00 దగ్గర అసలు థీమ్ గట్టిగా మొదలవుతుంది.

3:16 దగ్గర అంతా ఒక్కసారిగా సద్దుమణిగి లైఫ్‌సన్ సోలో మొదలవుతుంది. నాలుగో భాగం ఇది. 'లెర్క్స్ట్' అన్న లైఫ్‌సన్ ముద్దుపేరే దీనికి పెట్టారు: 'ఎ లెర్క్స్ట్ ఇన్ వండర్‌ల్యాండ్'. రెండున్నర నిమిషాలు, అంటే మొత్తంలో పావు వంతు పైనే. ఇక్కడ తాళం లెక్క ఏడు. ఎనిమిది అనుకుని కాలు ఆడిస్తే రెండో ఆవృతానికే (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవృతం) తేడా కొడుతుంది, మనకంటే ముందే వాళ్లు మళ్లీ మొదలెట్టేస్తారు. నేను మన కర్ణాటక సంగీతంలోని ఏడు లెక్కల తాళం మిశ్రచాపులో 'తకిట తకధిమి' అనుకుంటూ వేలితో కొట్టాను. ఒత్తులు మన తాళంలో లాగే పడాలని లేదు. ఆవృతం ఎక్కడ తిరుగుతోందో పట్టుకోవడానికి మాత్రం అది చాలు.

5:49కి 'మాన్‌స్టర్స్!'. ఈ ట్యూన్ ఎక్కడో విన్నట్టుందే అని మీకూ అనిపిస్తుంది. రేమండ్ స్కాట్ 1937 నాటి 'పవర్‌హౌస్'లోది, లూనీ ట్యూన్స్ కార్టూన్లలో ఫ్యాక్టరీ యంత్రాలు గడగడలాడుతుంటే వినిపించేది ఇదే. ఇరవై సెకన్లకే అయిపోతుంది, 8:03కి మళ్లీ వస్తుంది. వెంటనే 8:17కి మొదటి థీమ్ కూడా తిరిగొస్తుంది.

ఇక్కడే నాకు నిర్మాణం దొరికింది. వెళ్లేటప్పుడు థీమ్, సోలో, మాన్‌స్టర్స్. వచ్చేటప్పుడు మాన్‌స్టర్స్, థీమ్. వెళ్లిన దారినే వెనక్కి వస్తున్నారు, సోలో ఒక్కటి వదిలేసి. వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. ఎనిమిది నిమిషాల పరుగు తర్వాత మళ్లీ అంత నెమ్మదిలోకి దిగితే ఊపు చచ్చిపోతుంది.

నిజంగా తల తిన్నవి మధ్యలోని ఆరు నుంచి తొమ్మిది వరకు భాగాలు. రెండు నిమిషాలైనా లేని చోట నాలుగు పేర్లు! గిటార్‌ని వదిలేసి నీల్ పియర్ట్ డ్రమ్స్, గెడ్డీ లీ బేస్ మాత్రమే వింటూ గీతలు గీశాను, వేగం తగ్గించి కూడా విన్నాను. మొత్తం ఒకే టేక్‌లో రికార్డ్ చెయ్యాలనుకుని, కుదరక చివరికి ముక్కలుగా చేశారంటే ఆశ్చర్యమేం లేదు. తమ రెండో ఆల్బమ్ 'ఫ్లై బై నైట్' మొత్తానికి పట్టిన దానికంటే దీనికే ఎక్కువ టైమ్ పట్టిందని చెప్పుకున్నారు కూడా.

తొమ్మిదోది పట్టుమని పది సెకన్లే. పేరు 'నెవర్ టర్న్ యువర్ బ్యాక్ ఆన్ ఎ మాన్‌స్టర్!', దాని వెనకే పదోదిగా మాన్‌స్టర్స్ వస్తుంది. ఆ రెంటినీ నా కాగితం మీద ఒకే గడిలో రాసుకున్నాను. లైఫ్‌సన్ ఒప్పుకోకపోవచ్చు.