గోదావరి ఎండల్లో క్రాఫ్ట్ బీరు: పాత రివ్యూలు దిద్దే పని ఎంతవరకు వచ్చింది

తెల్లవారుజామున దింపిన తాటికల్లుకీ, అదే కుండలో మిట్టమధ్యాహ్నానికి మిగిలినదానికీ రుచి ఒకటి కాదని డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ పూట కల్లు అని అడిగాకే బాగుందో లేదో మాట్లాడతారు. చిన్న బ్రూవరీలు కాచే క్రాఫ్ట్ బీరుకు రివ్యూ రాసేటప్పుడు మాత్రం ఆ మొదటి ప్రశ్న వదిలేసి నేరుగా మార్కుల దగ్గరికి పోతాం. మేం తాగిన బీర్లకు రివ్యూలు రాసుకున్న పాత పుస్తకం తిరగేస్తే కనిపించిన పెద్ద లోపం అదే. తాగిన తేదీ ఉంది, మార్కులు ఉన్నాయి, సీసా వయసు మాత్రం లేదు.

ఇప్పటికి పుస్తకంలో 62 పేజీలు. అందులో 27 బీర్లను మళ్ళీ కొని, రుచి చూసి, పాత రాత కింద కొత్త రాత చేర్చడం అయింది. 11 పేజీల మీద ‘సీసా వయసు తెలియదు’ అని ఎర్రసిరాతో రాసి ఊరుకున్నాం. ఆ బీర్లు ఇప్పుడు దొరకడం లేదు. మిగతావి వరసలో ఉన్నాయి.

పాత మార్కు కొట్టేయకూడదు. అది ఆ రోజు ఆ సీసాకు నిజమే. దాని కిందే తేదీ వేసి కొత్తది రాయాలి. రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో తేల్చడమే అసలు పని. సీసా ముసలిదైందా, తయారీ మారిందా, నాలుక మారిందా అన్నది తేలకుండా 31ని 24 చేస్తే అది దిద్దుబాటు కాదు, రెండో తప్పు.

సీసా వయసు

బీరు పరిశ్రమలో 3-30-300 అని ఒక మోటు లెక్క ఉంది. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 దగ్గర 300 రోజులు గడిస్తే బీరు దాదాపు ఒకే మేర పాతబడుతుందని దాని అర్థం. ఇక్కడ మే నెలలో పగలు 40 దాటిన రోజులు ఉంటాయి, రాత్రిళ్ళూ పెద్దగా చల్లబడదు. ఏసీ లేని గోడౌనులో ఒక వారం ఉన్న అట్టపెట్టె, చలిదేశంలో కొన్ని నెలలు నిలవున్నదానితో సమానమవుతుంది. షాపులో సీసా చల్లగా చేతికొచ్చిందని నమ్మడానికి లేదు, ఆ పూటే ఫ్రిజ్‌లోకి ఎక్కించి ఉండొచ్చు. అందుకని వేసవిలో కొన్న సీసాకు ఇచ్చిన మార్కు పక్కన ‘వే’ అని చిన్న గుర్తు పెడుతున్నాం. ఆ గుర్తున్న మార్కు ఒక్కటే ఉంటే, సంక్రాంతి రోజుల్లో కొన్న సీసాతో పోల్చేదాకా ఆ పేజీ పూర్తయినట్టు కాదు.

పాతబడిన బీరు ఎలా ఉంటుందో నోటికి నేర్పడానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ఒకే బ్యాచ్ నంబరు, ఒకే తయారీ తేదీ ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలు మూడు కొనండి. ఒకటి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో వెలుతురు పడని బీరువాలో, ఒకటి అటక మీద పెట్టండి. మే నెలలో 14 రోజులు చాలు. అటక మీది సీసాను గోనెసంచిలో చుట్టి అట్టపెట్టెలో ఉంచాలి. బీరును పులియబెట్టే ఈస్టును వడకట్టకుండా వదిలేసిన రకం అయితే వేడికి లోపల గ్యాసు పెరిగి సీసా పగలొచ్చు. 15వ రోజు మూడింటినీ ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి ఒకే చల్లదనానికి తెచ్చి, పక్కపక్కన పోసి చూడండి. అటక సీసాలో ముందుగా పోయేది హాప్స్ వాసన, అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులది. తర్వాత మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తియ్యదనం తేనెలా, లేత బెల్లంపాకంలా మారుతుంది. ఇంకా ముదిరితే వానకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ఆ వాసనకు కారణమైన పదార్థం ట్రాన్స్-2-నోనెనాల్. ఆ అట్ట వాసన ఒకసారి పట్టుకున్నాక, పాత పుస్తకంలో ‘తేనెలాంటి మాల్టు, బాగుంది’ అని మెచ్చుకున్న లాగర్లలో (చల్లగా పులియబెట్టే తేట బీర్లలో) ఎన్ని నిజంగా ముసలి సీసాలో అర్థమైంది. అలాంటివి ఏడు దిద్దాం.

ఎండ సంగతి వేరు. హాప్స్‌లోని చేదు పదార్థం మీద వెలుతురు పడితే గంధకపు వాసన పుడుతుంది, కాలిన రబ్బరును తలపించే ముతక వాసన. పచ్చసీసా, తెల్లసీసా దాన్ని ఆపలేవు. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది. టిన్నులోకి వెలుతురు అసలు పోదు. పచ్చసీసాలోని బీరును గాజుగ్లాసులో పోసి పది నిమిషాలు మేడమీద ఎండలో పెట్టి, ఎండ తగలని దానితో పోల్చండి. ఆ తేడా మళ్ళీ మరిచిపోరు.

ఒక పేజీ ఎలా మారిందంటే

కొత్తిమీర గింజలు, నారింజ తొక్క వేసి కాచే బెల్జియం తరహా గోధుమ బీరు. మొదటి రాత ఇది: ‘గ్లాసు నిండా ధనియాలు, నారింజ. నోట్లో పల్చన. 31/50.’

రెండోసారి వేసవిలో, సీసా వయసు 4 నెలల 10 రోజులు: ‘ధనియాలు లేవు. తేనె, వెనక తడి అట్ట. 22, వే.’ ఇక్కడే ఆగి ఉంటే ‘ఈ కంపెనీ సరుకు పాడుచేసింది’ అని రాసేవాళ్ళం. వెనక చీటీ మీది పదార్థాల వరస, ఆల్కహాల్ శాతం పాత ఫోటోతో పోల్చితే ఏమీ మారలేదు.

మూడోసారి చలికాలంలో, సీసా వయసు 5 వారాలు: ‘ధనియాలు మళ్ళీ వచ్చాయి. పల్చన కాదు. 34.’ మొదటిసారి పల్చన అన్నది మరి ఎందుకు? తప్పు పోయడంలో ఉంది. ఈ బీరును వడకట్టరు, ఈస్టు, గోధుమ మాంసకృత్తులు అడుగుకు చేరతాయి. ఫ్రిజ్‌లో పడుకోబెట్టిన సీసాలో అవి పక్కకు అంటుకుపోతాయి. పైతేట ఒక్కటే పోసుకుంటే పల్చగానే ఉంటుంది. ఇప్పుడు సీసాను ఒక రోజు నిలబెట్టి, మూడొంతులు పోసి, చివరి రెండు వేళ్ళ బీరును సీసాలోనే గుండ్రంగా తిప్పి, ఆ మడ్డి కూడా గ్లాసులోకి వంపుతున్నాం. గ్లాసు లేత గంజిలా మసకబారాలి. తేటగా ఉంటే పని పూర్తి కానట్టు.

పేజీ చివర ఒక్క మార్కు వేయలేదు. ‘చల్లగా నిలవుండి రెండు నెలల లోపు అయితే 33–34. వేసవిలో కొనొద్దు’ అని రాశాం. చదివేవాళ్ళకు పనికొచ్చేది ఆ వాక్యమే.

తూకం రాయి

నాలుక రోజూ ఒకేలా ఉండదు. జలుబు, నిద్రలేమి, మధ్యాహ్నం భోజనంలో ఆవకాయ, ప్రతిదీ మార్కు మారుస్తుంది. అందుకే ప్రతి బైఠక్కీ మొదట ఒకే మామూలు లాగర్‌ను 60 మిల్లీలీటర్లు పోసి మార్కు వేస్తున్నాం. అదే మా తూకం రాయి. దానికి మామూలుగా వచ్చేది 26. ఒక రోజు అది 24–28 దాటి అటూ ఇటూ పోతే ఆ పూట వేసిన మార్కులేవీ పుస్తకంలోకి ఎక్కవు. ఇప్పటికి నాలుగు పూటలు అలా వదిలేశాం. నాలుగింట్లో మూడు, కారం తిని గంట కాకుండా కూర్చున్నవే. నోరు మండుతుంటే గ్యాసు సూదుల్లా గుచ్చుతుంది, చేదు గరుకుగా తోస్తుంది. కనీసం రెండు గంటలు ఆగి, మధ్యలో ఉప్పులేని మరమరాలు, మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా ఉంటే సరిపోతోంది. వంటింట్లో చేపలు వేగుతున్నప్పుడు మొదలుపెట్టకండి.

మార్కులు 50కే వేస్తాం, పోటీల న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ పద్ధతిలో: వాసన 12, రూపం 3, రుచి 20, నోట్లో బరువు 5, మొత్తంగా ఎలా అనిపించిందన్నదానికి 10. పాత పుస్తకంలో ఒక్క అంకె ఉండేది కాబట్టి తేడా ఎక్కడొచ్చిందో తెలిసేది కాదు. ఇప్పుడు వాసన 9 నుంచి 4కు పడి, నోట్లో బరువు 4 దగ్గరే నిలిస్తే సీసా పాతబడిందని అనుమానించొచ్చు. అన్నీ ఒక్కో మార్కు తగ్గితే ముందు తూకం రాయి వైపు చూడాలి.

రెండు సీసాల మధ్య తేడా నిజంగా ఉందా, ఊహా అని తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో రెండో బీరు. పోసేవాళ్ళు వేరు, తాగేవాళ్ళు వేరు. రంగు కనబడకుండా స్టీలు గ్లాసులు వాడండి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి సరిపోతే లెక్కలోకి రాదు. ఆరు సార్లలో నాలుగు సరిపోయినా అది గాలివాటంగా జరిగే అవకాశం 10 శాతం ఉంది. అయిదు సరిపోతే ఆ అవకాశం 2 శాతం లోపే, అప్పుడు నమ్మండి. ముగ్గురు మనుషులు రెండేసి సార్లు చేస్తే ఆరు అయిపోతాయి. గ్లాసుకు 30 మిల్లీలీటర్లు పోస్తే మనిషికి 180 మించదు, సీసాలూ రెండే చాలు. మూడు విడతల్లో ఒక బీరు జంటగా, మూడు విడతల్లో రెండో బీరు జంటగా ఉండేట్టు చూసుకోండి.

మాటలు దిద్దడం

అంకెల కన్నా మాటల దగ్గర ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ ఇష్టంగా చేసిందీ అదే. పాత పేజీల నిండా గ్రేప్‌ఫ్రూట్, పైన్ అని ఉంది. ఆ పండు ఇక్కడ ఎవరు తిన్నారు, ఆ చెట్టు కింద ఎవరు నడిచారు? అరువు తెచ్చిన మాటతో రాస్తే, రెండేళ్ళకు చదివినప్పుడు ఆ వాసన గుర్తుకు రాదు. ఇప్పుడు ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసిన చేదు బీరు) పేజీల్లో ‘పంపరపనస తొక్క గిల్లినట్టు’ అని రాసుకున్నాం. పైన్ ఉన్నచోట ‘మామిడి సొన’ వచ్చింది. పచ్చికాయ తొడిమ తుంచగానే చిమ్మే ఆ సొనను దగ్గరగా వాసన చూసి, వెంటనే హాప్స్ ఎక్కువున్న ఐపీఏ గ్లాసు ముక్కు దగ్గర పెట్టండి, చుట్టరికం తెలిసిపోతుంది. మిర్సీన్ అనే తైలం హాప్స్‌లోనూ ఉంది, మామిడి సొనలోనూ ఉంది. సొన చర్మానికి తగిలితే పొక్కుతుంది, ముక్కుకు ఆనించకండి.

జర్మన్ గోధుమ బీర్లకు ‘అరటిపండు’ అని మాత్రం రాస్తే చాలడం లేదు. రావులపాలెం వైపు పండే రకాలన్నీ ఒకే వాసన కావు గదా. కాబట్టి ‘బాగా మగ్గిన కర్పూర చక్రకేళి, వెనక లవంగం’ అని రాస్తున్నాం. స్టౌట్లలో (మాడ్చిన గింజలతో కాచే నల్ల బీర్లలో) ‘కాఫీ’ అని రాసినవి రెండుగా విడిపోయాయి: కొన్నిట్లో నిజంగానే కాఫీ గింజ, కొన్నిట్లో వేయించిన చింతగింజలు. రెండోది పొడిగా, వగరుగా ముగుస్తుంది. పుల్ల బీర్లలో మజ్జిగతేట పులుపు ఉంటే లాక్టిక్ ఆమ్లం, ముక్కులోకి ఘాటుగా ఎక్కే పొద్దెక్కిన కల్లు పులుపు ఉంటే అసిటిక్ ఆమ్లం. మొదటిది ఆ బీరు లక్షణం కావచ్చు, రెండోది ఎక్కువైతే దోషం.

దోషాలకు వంటింటి మాటలే సరిపోయాయి. వెన్న కాస్తున్న వాసన వస్తే దానికి కారణం డయాసెటిల్ అనే పదార్థం. ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన డైమిథైల్ సల్ఫైడ్. ఆసుపత్రి వరండా వాసన క్లోరోఫినాల్. ఈ మూడూ సాధారణంగా తయారీలో పుట్టేవి, నిలవ వల్ల వచ్చేవి కావు. కాబట్టి ఇవి కనిపించిన పేజీలో ‘వే’ గుర్తు పెట్టి సర్దుకోవడం కుదరదు. ఇంకో బ్యాచ్ సీసా కొని చూడాల్సిందే.

గ్లాసు, చల్లదనం

గ్లాసుకు నూనె జిడ్డు ఉంటే నురగ నిలవదు. సబ్బుతో కడిగి, బాగా తొలిచి, తడి మీదే లోపల ఉప్పు చల్లండి. ఉప్పు అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, ఖాళీలు కనిపిస్తే అక్కడ జిడ్డు. సముద్రానికి దగ్గరున్న ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆరాక గ్లాసు మీద తెల్లపొర మిగులుతుంది. చివరి తొలుపు తాగేనీళ్ళతోనే.

లాగర్ 5–7 డిగ్రీలు, ఐపీఏ 7–10, స్టౌట్ 10–13. 34 డిగ్రీల గదిలో 60 మిల్లీలీటర్లు పది నిమిషాల్లోనే 5 నుంచి 12 దాటిపోతుంది, అందుకని వంటింటి థర్మామీటరు ముంచి చూసి అంకె రాస్తాం. పాత పుస్తకంలో ‘వాసన లేదు’ అన్న మూడు స్టౌట్లు ఫ్రీజరు గ్లాసులో పోసినవి. 11 డిగ్రీల దగ్గర మళ్ళీ చూస్తే మూడింటికీ వాసనలోనే 4 మార్కులు పెరిగాయి.

తేమకు సీసా చీటీలు ఊడిపోతాయి, పెన్ను రాత కారిపోతుంది. కాగితపు టేపు మెడకు చుట్టి పెన్సిలుతో రాస్తే నిలుస్తోంది: తయారీ తేదీ, బ్యాచ్, కొన్న తేదీ, ఫ్రిజ్‌లో పెట్టిన తేదీ. కరెంటు రెండు గంటలు మించి పోయిన రోజు టేపు మీద ఒక గీత. మూత మీద తుప్పు కనిపిస్తే సీసా మూతిని తడిగుడ్డతో తుడిచి వంపండి. లోపలి పొర బాగుంటే రుచికి ఏమీ కాదు.

ఇక మిగిలింది ఆల్కహాల్ 8 శాతం దాటిన గట్టి స్టౌట్లు. ఇవి పాతబడ్డాక బాగుపడతాయన్న మాట ఉంది, అది చల్లని నేలమాళిగల మాట. ఇక్కడి బీరువాలో ఏమవుతుందో చూడాలని ఒకే బ్యాచ్ సీసాలు నాలుగు తీసుకున్నాం. రెండు ఫ్రిజ్ అడుగు అరలో, రెండు బీరువాలో, అన్నీ నిలువుగా. ఫ్రిజ్‌ది ఒకటి, బీరువాది ఒకటి కలిపి ఒక జత సంక్రాంతికి, ఇంకో జత ఆ పై ఉగాదికి. బీరువా సీసాల మెడ టేపు మీద గది వేడి వారానికోసారి రాస్తున్నాం, ఈ వారం 33.