మీ గంటలు ఎక్కడ రాశారు?

తొమ్మిదో తరగతిలో మా బృందానికి వచ్చిన పని ఇదీ: పాత నోటు పుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలు విప్పి, కొత్త పుస్తకాలు కుట్టి అమ్మాలి. పెట్టుబడి బడి అప్పుగా ఇస్తుంది. వార్షికోత్సవం నాటికి తీర్చేయాలి.

8 కాగితాలు మధ్యకు మడిస్తే 16 ఆకులు, 32 పేజీలు. మడత మీద దబ్బనంతో మూడు చిల్లులు. దారం లోపల్నుంచి నడిమి చిల్లు గుండా బయటికి తీయాలి, పై చిల్లులోంచి లోపలికి, అక్కణ్నుంచి నేరుగా కింది చిల్లుకు, బయటికి, మళ్లీ నడిమి చిల్లులోకి. మిగిలిన రెండు కొసల్నీ ఆ పొడుగు దారానికి చెరోపక్కా ఉంచి ముడేయాలి. ఒకే పక్క ముడేస్తే కుట్టు వదులైపోతుంది. నా వేళ్లకు అది ఇప్పటికీ గుర్తే.

మొదటి విడత పాడైంది. అట్టలకు జిగురు పూసి, ఆరకముందే బరువు తీసేశాం. మర్నాటికి ఎండుటాకుల్లా ముడుచుకుపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే నర్సరీ పిల్లల్ని మాతో కలిపారు. కాగితాలు 8 చొప్పున లెక్కపెట్టి, అంచులు కలిపి మడవడం వాళ్ల వంతు. చిన్నపిల్లలకేం తెలుస్తుంది అనుకున్నాను. ఒక పాప నేను కట్టిన కట్టను తిరిగి నా చేతిలో పెట్టి, "దీన్లో ఒకటి తక్కువుంది అక్కా" అంది. లెక్కపెడితే 7 ఉన్నాయి.

తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది, 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం కేంద్రం తెరిచిన ఫ్రోబెల్, పిల్లలకిచ్చిన చేతిపనుల్లో కాగితం మడవడం, కుట్టడం కూడా ఉన్నాయని. సరిగ్గా నూరేళ్లకు, 1937లో, వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చదువంతా ఒక చేతివృత్తి చుట్టూ అల్లుకోవాలన్నారు. మా బడి ఆ ఇద్దరి పేర్లూ ఎత్తకుండానే ఆ పని చేసింది.

అసలు పాఠం లెక్కల పుస్తకం దగ్గర జరిగింది. దారం, జిగురు, అట్ట ఖర్చు రాసి, లాభం తేల్చి గర్వంగా మాస్టారికి చూపించాం. ఆయన మొత్తం చదివి, "మీ గంటలు ఎక్కడ రాశారు?" అన్నారు.

"మా పనికి డబ్బేంటండీ?"

"మీ బదులు ఇంకెవరో కూర్చుంటే ఊరికే కుడతారా?"

ఒక్కో పుస్తకానికి 40 నిమిషాలు పడుతోంది. అవి కూడా వేసేసరికి లాభం కాస్తా నష్టమైంది. ధర పెంచితే ఎవరూ కొనరు. రెండు రోజులు కొట్లాడుకున్నాక మాలో ఒకడు చిల్లుల కొలతకు అట్టముక్క కత్తిరించాడు. దాన్ని మడతలో ఆనించి పొడిస్తే ప్రతిసారీ కొలవక్కర్లేదు. 25 నిమిషాలకు దిగింది.

ఇప్పుడు చాలాచోట్ల పిల్లల సంతల్లో వస్తువులు అమ్మానాన్నలే చేసి పంపుతున్నారు, పిల్లలు బల్ల వెనక నిలబడి అమ్ముతున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. పాడైన అట్టా, తప్పిన లెక్కా ఆ పిల్లల చేతికి రావు కదా!

అప్పు తీర్చాం. మిగిలిన డబ్బు ఏం చేయాలో ఓటు వేసి తేల్చుకున్నాం. నర్సరీ పిల్లలకీ ఓటుండాలని పట్టుబట్టింది నేనే. వాళ్లంతా ఒకే మాట మీద మొద్దు సూదులు అడిగారు. మడవడం వచ్చేసిందట, ఇక కుడతారట.