ఇండెమ్నిటీ మళ్లీ మొండికేసింది

వాణిజ్య యుద్ధాల కథల నుంచి ఇంగ్లిషు పదాలు ఏరి, ఆంకీ అనే కార్డుల యాప్‌లో డెక్కుగా (కార్డుల కట్టగా) పెట్టుకుని నేర్చుకుంటున్నాను. వాటిలో చైనాతో బ్రిటన్ చేసిన నల్లమందు యుద్ధం నుంచి తీసుకున్న ఇండెమ్నిటీ (ఓడినవాడు కట్టే సొమ్ము) కార్డు మళ్లీ తప్పింది. ఈసారి ఆంకీ దానికి జలగ ముద్ర (పదే పదే తప్పే కార్డులకు వేసే గుర్తు) వేసి పక్కన పడేసింది. మామూలుగా ఒక కార్డు మీద ఏడెనిమిది సెకన్లకు మించి ఆగను. దీని దగ్గర మాత్రం నిమిషం గడిచినా నోట్లోంచి రాన్సమ్ (విడిపించుకోవడానికి కట్టే సొమ్ము) అనే వస్తుంది తప్ప అసలు మాట రాదు. ఇంత చికాకు పెట్టిన పదం ఈ డెక్కులో ఇంకొకటి లేదు.

నెగ్గినవి ముందు చెప్పేస్తాను. ఎంబార్గో, బ్లాకేడ్, కాంట్రాబాండ్, మోనోపలీ, సూపర్‌కార్గో కార్డులను మళ్లీ అడిగే గడువులు నెల దాటాయి. కాన్ఫిస్కేట్‌ను (జప్తు చేయడం) ఇక మరచిపోలేను. దాని వెనక చైనాలోని హ్యూమెన్ తీరం ఉంది. 1839 జూన్‌లో నల్లమందును ఆపడానికి చైనా చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషు అక్కడ పెద్ద పెద్ద గోతులు తవ్వించాడు. నీళ్లు నింపించి, ఉప్పు పోయించి, నల్లమందు ఉండలను ముక్కలు చేయించి నానబెట్టించాడు. పైన సున్నం వేస్తే గొయ్యంతా కుతకుతలాడింది. కూలీలు కలియబెట్టిన ఆ బురదను తూముల గుండా సముద్రంలోకి వదిలారు. బ్రిటిష్ వ్యాపారుల నుంచి వచ్చిన 20,283 పెట్టెల సరుకుకు దాదాపు మూడు వారాలు పట్టింది. నీళ్లు పాడుచేస్తున్నందుకు సముద్ర దేవుడికి ముందే ప్రార్థన కూడా రాసుకున్నాడాయన. ఇంత దృశ్యం ఉంటే పదం దానంతటదే అతుక్కుంటుంది.

ఇండెమ్నిటీకి ఆ అదృష్టం లేదు. గోతులూ సున్నమూ లేవు, అంకెలే ఉన్నాయి.

మొదట ప్రశ్న వైపు ‘నష్టపరిహారం’ అని రాశాను. ఆ ఒక్క మాటకు కాంపెన్సేషన్, రెపరేషన్, రిడ్రెస్, రెస్టిట్యూషన్ అన్నీ క్యూ కట్టాయి. ఏది చెప్పినా సగం ఒప్పే. తెలుగు అర్థాన్ని ప్రశ్నగా పెట్టే పద్ధతి చేప, పడవ, గొడుగు లాంటి మాటలకు పనికొస్తుంది గానీ, ఒప్పందాల భాషకు పనికిరాదని నా అభిప్రాయం.

తరువాత అంకెను గుర్తుగా పెట్టాను. 1842 ఆగస్టు 29న కార్న్‌వాలిస్ అనే యుద్ధనౌక మీద సంతకాలైన నాంకింగ్ సంధి ప్రకారం చైనా కట్టాల్సింది మొత్తం 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు. నాలుగో అధికరణం కింద నల్లమందు విలువ 60 లక్షలు. ఐదో అధికరణం కింద దివాలా తీసిన హాంగ్ వర్తకుల (విదేశీయులతో వ్యాపారానికి అనుమతి ఉన్న చైనా వర్తకుల) బాకీలు 30 లక్షలు. ఆరో అధికరణం కింద యుద్ధ ఖర్చులు కోటి 20 లక్షలు. చూడటానికి ముచ్చటగా ఉంది కదా! 60 లక్షలు అనగానే ఇండెమ్నిటీ తట్టాలని నా లెక్క.

కానీ ఈ కథ నిండా 60 లక్షలే. 1841 మేలో కాంటన్ నగరం మీద దాడి చేయకుండా వదలడానికి బ్రిటిష్ సేన పుచ్చుకున్నది 60 లక్షలు, అది రాన్సమ్. సంధిలో నల్లమందు విలువ 60 లక్షలు. సంధి కుదరగానే చెల్లించాల్సిన తొలి వాయిదా 60 లక్షలు. 1843లో జూన్, డిసెంబరు వాయిదాలు కలిపితే మళ్లీ 60 లక్షలు! ఇన్ని చోట్ల ఒకే అంకె ఉంటే ఏ బుర్ర మాత్రం ఏం చేస్తుంది? మిగిలిన వాయిదాలు 1844లో 50 లక్షలు, 1845లో 40 లక్షలు. గడువు దాటితే ఏడాదికి 5 శాతం వడ్డీ. ఇవన్నీ నోటికి వచ్చేశాయి, కావలసిన పదం తప్ప.

మూడో ప్రయత్నం సంధి వాక్యాన్నే తీసుకుని మధ్యలో ఖాళీ పెట్టడం. అసలు గొడవ ఇక్కడ బయటపడింది. నాలుగో అధికరణం యాభై మాటలకు పైబడిన ఒకే వాక్యం. మొత్తం వెతికినా అందులో ఇండెమ్నిటీ లేదు. ఉన్నది రాన్సమ్. కాంటన్‌లో నిర్బంధించిన బ్రిటిష్ అధికారి, వ్యాపారుల ప్రాణాలకు బదులుగా అప్పగించిన నల్లమందు విలువ అని రాశారు. సరుకు దొంగ రవాణాది, దాన్ని పట్టుకున్నది సొంత గడ్డ మీది ప్రభుత్వం. అయినా కాగితం మీద చైనా కిడ్నాపరు అయిపోయింది! ఐదులో ఉన్నది బాకీలు. ఆరులో రిడ్రెస్ ఉంది, ఖర్చులు ఉన్నాయి, 1841 ఆగస్టు 1 తరువాత ఊళ్ల నుంచి వసూలు చేసిన రాన్సమ్‌ను మినహాయిస్తామన్న ఉదారత ఉంది. కాంటన్ సొమ్ము మేలోనే వచ్చింది కాబట్టి ఆ మినహాయింపులోకి రాదు. మూడు పద్దులనూ కలిపి ఇండెమ్నిటీ అంటున్నది చరిత్ర పుస్తకాలు. సంధి వాక్యాలు చదివిన కొద్దీ రాన్సమ్ బలపడింది, నా పదం ఇంకా వెనక్కి పోయింది.

నాలుగో అడ్డంకి ఇంటిదే. పోయిన డిపాజిట్ రసీదుకు నకలు కావాలన్నా, షేర్ సర్టిఫికెట్ పోయినా స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు రాసివ్వడం మనకు అలవాటే. అక్కడ దాని అర్థం పూచీ. రేపు మీకు నష్టం వస్తే నాది బాధ్యత అని. యుద్ధంలోనేమో ఓడినవాడు కక్కాల్సిన సొమ్ము. శిక్ష నుంచి మినహాయింపు అనే మూడో అర్థం కూడా నిఘంటువులో ఉంది, దాన్ని ఇప్పట్లో ముట్టుకోను.

పూచీనీ, ఓడినవాడి సొమ్మునూ కలిపే మనిషి ఒకడు దొరికాడు. వాణిజ్య పర్యవేక్షకుడు చార్లెస్ ఎలియట్. సరుకంతా నాకు అప్పగించండి, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున బాధ్యత నాది అని 1839 మార్చి 27న వ్యాపారులకు ప్రకటన ఇచ్చాడు. అచ్చంగా మన స్టాంపు కాగితం వ్యవహారమే! లండన్‌కు ఆ భారం ఖజానా నుంచి మోయడం ఇష్టం లేదు. చివరికి నాంకింగ్‌లో చైనా చేత కట్టించారు. పూచీ ఒకరిది, సొమ్ము మరొకరిది. ఎలియట్ ప్రకటనతో చేసిన పూచీ కార్డు వెంటనే నిలబడింది. సొమ్ము కార్డు మాత్రం పాత దారిలోనే పోయి జలగ అయింది.

నిఘంటువుల సంగతి కూడా చెప్పాలి. ఈ పనికి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ మరీ పొట్టి. మెరియమ్ వెబ్‌స్టర్ అర్థాలను విడదీసి చూపిస్తుంది కాబట్టి దానికే నా ఓటు. 1850లలో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఈ సంధి కాలానికి దగ్గరిది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. సుంకం, బాకీ, పూచీ లాంటి మాటల కోసం నేను దాని దగ్గరికే వెళతాను. మెరుపులు, చప్పట్లు, పాయింట్లు ఇచ్చే పదాల ఆటల యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు కార్డును నాంకింగ్ నుంచి పూర్తిగా తీసేస్తున్నాను. పదం నిజంగా కాగితం మీద ఉన్న చోటికే వెళ్లాలి. చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటు తరువాత 1901 సెప్టెంబరు 7న కుదిరిన బాక్సర్ ఒప్పందం ఆరో అధికరణంలో ఇండెమ్నిటీ అన్న మాటే సూటిగా ఉంది. 45 కోట్ల టేల్‌ల (చైనా తూకపు కొలత) వెండి, 4 శాతం వడ్డీ, 39 ఏళ్ల వాయిదాలు. ఇక్కడ 60 లక్షల బెడద లేదు. బాక్సర్ తిరుగుబాటును వాణిజ్య యుద్ధం అనలేమని మీరు అనవచ్చు, నిజమే. పదం కుదిరితే చాలు, డెక్కు పేరు తరువాత మారుస్తాను. రెపరేషన్‌ను 1919 వెర్సాయ్ సంధికి కట్టేస్తున్నాను, అది అక్కడి మాటే. యుద్ధ ఖర్చు రాబట్టుకోవడం ఇండెమ్నిటీ, పౌరులకు జరిగిన నష్టం పూడ్చడం రెపరేషన్ అని గీత గీసుకున్నాను. అన్ని చోట్లా ఈ గీత నిలవదు, కార్డుకు మాత్రం సరిపోతుంది.

ఇండెమ్నిటీ తరువాత నేర్చుకోబోయేది బట్టల వాణిజ్యపు గొడవ. ఫ్యాక్టరీ అంటే ఏజెంట్లు ఉండే కోఠీ అన్న పాత అర్థానికి 1611లో మచిలీపట్నంలో ఇంగ్లిషువాళ్లు పెట్టినదే ఉదాహరణ. నరసాపురం పక్కన మాధవాయపాలెం పేరు మీద మడపొల్లం అనే నూలు గుడ్డ ఇంగ్లిషు నిఘంటువులోకి ఎక్కింది. దానికి కార్డు అక్కర్లేదు, అయినా చేస్తాను. అసలు సరుకు ఇంగ్లండు క్యాలికో (నూలు గుడ్డ) చట్టాల్లో ఉంది. 1700 నాటి చట్టం అద్దకపు గుడ్డల దిగుమతిని ఆపి, గోదాములో ఉంచి తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం ఒప్పుకుంది. 1721 నాటిది వాటిని ధరించడాన్నే నిషేధించింది. ప్రొహిబిట్, వేర్‌హౌస్, రీఎక్స్‌పోర్ట్ మొదటి దాని నుంచి, పెనాల్టీ, ఎగ్జెంప్షన్ రెండో దాని నుంచి తీసుకుంటాను. రెండు చట్టాలకూ రెండు వేరు డెక్కులు పెట్టి, అంకెలన్నీ జవాబు వైపే ఉంచుతాను.