ఎండుటాకు అనుకున్నాను

లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానంలో ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగానో సగం గుర్తే లేదు. పగోడా చూశాను, కొలను గట్టున కాసేపు కూర్చున్నాను, చేతిలోని మ్యాపు వానకి తడిసి చిరిగింది. ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతున్నది ఒక్క కుండీ.

గాజు ఇంట్లోకి అడుగు పెట్టగానే కళ్ళజోడుకి ఆవిరి కమ్మేసింది. తుడుచుకుని చూస్తే ఎదురుగా రెండు మొక్కలు. ఒకదానికి నిగనిగలాడే పచ్చటి ఆకులు, ఐదు రేకుల తెల్లటి పువ్వులు. పక్కదానివి సన్నగా, పొడుగ్గా, గోధుమరంగులో వేలాడుతున్న ఆకులు. ఇది ఎండిపోయిందిలే అనుకుని వెళ్ళిపోబోయాను. కుండీలు సర్దుతున్న ఒకావిడ నా చూపు కనిపెట్టి, "ఎండలేదండీ, రెండూ ఒకటే మొక్క. ఇది ఇంకా లేతది, అంతే" అంది. ముట్టుకుని చూస్తే నిజమే, ఆకు మెత్తగా ఉంది. మధ్య ఈనె లేత గులాబీరంగులో మెరిసింది.

దాని పేరు కఫే మారోన్. కాఫీ కుటుంబానిదే. మారిషస్‌కి చెందిన రోడ్రిగ్స్ దీవిలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. లేతప్పుడు ఎండుటాకులా కనిపించేది ఒకప్పుడు ఆ దీవిలో తిరిగిన పెద్ద తాబేళ్ళ కంటపడకుండా ఉండటానికేనని ఒక అభిప్రాయం. తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. మొక్క మాత్రం ఇంకా దాక్కుంటూనే ఉంది.

ఇది కూడా అంతరించిందనే అనుకున్నారు. 1980 ప్రాంతంలో ఒక బడిపిల్లాడి కంట ఒకే ఒక్క చెట్టు పడింది. ఆ సంగతి పాకేసరికి మందుకోసం జనం కొమ్మలు విరుచుకుపోవడం మొదలుపెట్టారు. కంచె వేస్తే కంచె దాటి వచ్చారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. తాతలనాటి మందుచెట్టు మళ్ళీ కనబడితే ఎవరు ఊరుకుంటారు? ఒక్కటే మిగలడంలోనే ఉంది చిక్కంతా. వంద చెట్లుంటే నాలుగు కొమ్మలు పోయినా జాతి బతుకుతుంది.

1986లో కొమ్మలు విమానంలో క్యూకి చేరాయి. ఒకటి వేళ్ళూనుకుంది, పూసింది, ఏళ్ళ తరబడి పూస్తూనే ఉంది. కాయ మాత్రం లేదు. కొమ్మ నాటితే వచ్చేది అదే చెట్టుకి నకలు. విత్తనం లేకపోతే కొత్త తరం లేదు. 2003లో కార్లోస్ మాగ్డలేనా అనే ఉద్యానకారుడు కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొన) కోసి, ఆ కోత మీదే పుప్పొడి అద్దడం లాంటి ప్రయత్నాలు పట్టువదలకుండా చేసి చివరికి గింజలు సాధించాడు. ఆ తర్వాత గింజలు రోడ్రిగ్స్‌కి తిరిగి వెళ్ళాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తోటలో భద్రంగా దాచుకోవడం సగం పనే. పుట్టిన నేలకి, వాడుకునే మనుషుల దగ్గరికి మొక్క చేరితేనే మిగతా సగం పూర్తయ్యేది.

మర్నాడు క్యూ వాళ్ళదే అయిన వేక్‌హర్స్ట్ తోటకి వెళ్ళి, విత్తనాలు దాచే మిలీనియం సీడ్ బ్యాంక్ కూడా చూశాను. మైనస్ 20 డిగ్రీల చలిలో 40 వేలకు పైగా జాతుల విత్తనాలున్నాయి అక్కడ. కానీ మామిడి, పనస టెంకల్లాంటివి ఆరబెడితే చచ్చిపోతాయి, వాటిని అలా దాచలేం. వాటిని ఎక్కువగా చెట్లుగా పెంచుతూనే కాపాడుకోవాలి. అంటే ఎవరో ఒకరు రోజూ నీళ్ళు పోస్తూనే ఉండాలి.

తిరిగొచ్చాక ఫోన్ చూసుకుంటే ఆ తెల్లపువ్వుది ఒక్క ఫోటో కూడా లేదు. గోధుమరంగు ఆకువి మాత్రం పదకొండు ఉన్నాయి.