యబ్బేజు అడిగింది ప్లాట్ ఒక్కటేనా?

అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం రాసి ఉండే కార్డు) తీసేటప్పుడు మన హైదరాబాద్‌లో చాలామంది రావాలని కోరుకునే వాక్యం ఒకటుంది, "నా సరిహద్దును విశాలపరచి" అని, బైబిల్లో యబ్బేజు అనే అతను చేసిన ప్రార్థనలోది. అది వచ్చిందంటే ఇంక ఈ ఏడాది శంకర్‌పల్లి వైపు ప్లాట్ ఖాయం అని నవ్వుకుంటూ ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద అతికిస్తాం. తప్పని నేననను. ఇశ్రాయేలీయులకి భూమి అంటే బతుకే, యబ్బేజు కూడా నిజంగా నేల గురించే అడిగి ఉండొచ్చు.

కానీ అడిగినవాడెవడో చూడండి. మొదటి దినవృత్తాంతములు మొదటి తొమ్మిది అధ్యాయాలు దాదాపు అన్నీ పేర్లే, బైబిల్ ఏడాదిలో చదవాలని ప్లాన్ పెట్టుకున్నవాళ్ళు స్పీడ్ పెంచేది కూడా అక్కడే. నాలుగో అధ్యాయంలో యూదా వంశం పేర్లు చెప్తూ చెప్తూ 9, 10 వచనాల్లో ఇతని దగ్గర ఆగుతుంది. వేదనపడి కన్నానని తల్లి ఆ పేరు పెట్టిందట, హీబ్రూలో అది వేదన అనే మాటలా వినబడుతుంది. తండ్రి పేరు లేదు, ఆమెకేం జరిగిందో కూడా రాయలేదు. రాహేలు కూడా చనిపోతూ కొడుక్కి బెనోని అని దుఃఖం పేరే పెట్టింది, కానీ భర్త యాకోబు బెన్యామీను అని మార్చేశాడు. యబ్బేజుకి అట్లా మార్చినవాళ్ళెవరూ కనబడరు.

మన తెలంగాణలో పెంటయ్య, పెంటమ్మ అని పేర్లున్నాయి కదా, పుట్టిన పిల్లలు దక్కకపోతే ఈ బిడ్డైనా బతకాలని పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెట్టేవాళ్ళు, దాని వెనక ఆశ ఉంది. ఇప్పుడు మనం సర్టిఫికెట్‌లో మంచి పేరే రాయించి నోటితో వేరే పేరు పెడతాం, "పుట్టగానే తండ్రిని మింగింది" అని, "ఇది కడుపున పడ్డప్పటి నుంచే అప్పులు" అని. ఉపవాస ప్రార్థనలో సాక్ష్యం చెప్పే అక్కలు, మనవలు ఉన్నవాళ్ళు కూడా, నాయనమ్మ ఎప్పుడో అన్న అట్లాంటి మాట దగ్గరికి రాగానే మైక్ పక్కకి పెట్టి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు.

అట్లాంటి పేరు మోసిన యబ్బేజు ప్రార్థన చేస్తే అమ్మ మీద ఫిర్యాదు లేదు, అన్నదమ్ములతో పోలిక లేదు, "నాకంత అర్హత లేదు ప్రభువా" అనే ముందుమాట కూడా లేదు (మనకి సగం టైం దానికే పోతుంది). నిశ్చయంగా ఆశీర్వదించు, సరిహద్దు పెంచు, నీ చెయ్యి తోడుంచు, కీడు నుంచి తప్పించు, అంతే. నాకు బాగా తగిలేది ఆ చివరిది, హీబ్రూలో అక్కడ "నాకు వేదన కలగకుండా" అని ఉంది, పుట్టుకతో అంటించిన వేదన మీదే దేవుడి దగ్గర అప్పీల్ వేసినట్టుంటుంది. ఇంత అడుగుతావా అని దేవుడు గద్దించలేదు, అడిగింది ఇచ్చాడు. పేరు మాత్రం మార్చినట్టు లేదు. అబ్రాముకి మార్చాడు, యాకోబుకి మార్చాడు, ఇతను యబ్బేజుగానే ఉండి అన్నదమ్ములకంటే ఘనుడని రాయించుకున్నాడు.

కార్డులు ప్రింట్ చేయించే అన్నలకి ఒక్క రిక్వెస్ట్, పదో వచనం ఒక్కటే కాకుండా తొమ్మిదోది కూడా వేయించండి, చోటు చాలకపోతే ఆ గులాబీ పువ్వుల బొమ్మ తీసేసినా పర్లేదు.