బేరింగ్ ఎందుకు పోయిందో కూడా రాయండి

ఐటీఐ ఫిట్టర్ అయ్యాక పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేరాను. కొత్తవాళ్లకి ముందు చేతికిచ్చేది గ్రీజు గన్ను. సీ షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) పడితే కూలింగ్ టవర్ పంపులు, కంప్రెసర్లు అన్నీ మావే.

ఒక కూలింగ్ వాటర్ పంపు మమ్మల్ని బాగా ఏడిపించింది. 15 హెచ్‌పీ మోటారు, కప్లింగ్ (మోటారు షాఫ్ట్‌ని పంపు షాఫ్ట్‌తో కలిపేది) వైపు 6309 నంబరు బేరింగ్. (చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది, 45 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది.) కొత్తది వేసిన కొన్నాళ్లకే మళ్లీ గరగర. మెయింటెనెన్స్ రిజిస్టర్ తిరగేస్తే ప్రతిసారీ ఒకటే మాట, 'బేరింగ్ మార్చడమైనది'. ఎందుకు పోయిందో ఎవరూ రాయలేదు.

మా గురువుగారు రాజాంలో జూట్ మిల్లులో చేసి వచ్చిన మనిషి. "బేరింగుదేటి తప్పు బావూ? మోటారు కాళ్లు సూడు" అన్నారు.

బ్రేకర్ ఆఫ్ చేయించి, మధ్యలో ఎవరూ ఆన్ చేయకుండా దానికి ఎవరి తాళం వాళ్లం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాం. ప్రొడక్షన్ వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆయన ఇది కాకుండా మోటారు ముట్టుకోనివ్వరు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. డయల్ గేజ్ (చిన్న కదలికని కూడా ముల్లుతో చూపించే కొలత పరికరం) మోటారు కాలి మీద ఆనించి, బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి మళ్లీ బిగించుకుంటూ వచ్చాం. మూడు కాళ్ల దగ్గర ముల్లు కదిలీ కదలనట్టుంది. నాలుగోది వదలగానే ముప్పై గీతలు లేచింది. గీతకి 0.01 మిల్లీమీటరు. 0.05 దాటితే సరిచేయాల్సిందే. ఆ కాలు బేస్ మీద ఆనడమే లేదు. బోల్టు బిగించినప్పుడల్లా మోటారు బాడీ వంగి, షాఫ్ట్ లైన్ తప్పుతోంది. నిమిషానికి 1450 సార్లకు పైగా తిరిగే షాఫ్ట్ అది. ఆ భారమంతా బేరింగే మోయాలి.

తుప్పు గీకి, కాలి కింద షిమ్ (పల్చటి రేకు ముక్క) వేసి, అలైన్‌మెంట్ మళ్లీ చేశాం. కొత్త బేరింగ్‌ని సుత్తితో కొట్టనివ్వలేదు. ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీలకు వేడెక్కిస్తే దానంతటదే షాఫ్ట్ మీదకి జారింది. శబ్దం పోయింది.

చుట్టుపక్కల ఐటీఐల నుంచి కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు. రాత్రిపూట వాళ్లకి దిక్కు రిజిస్టర్‌లోని ఆ పాత పేజీలే. అందుకే ఇప్పుడు ఏ కాలు, ఎంత లేచింది, ఎంత మందం షిమ్ వేశాం, అన్నీ రాస్తున్నాను. గడిలో చోటు చాలకపోతే పక్క పేజీలో రాస్తున్నాను.